ఆటోక్లేవ్‌లో పెట్టే ముందు వైద్య పరికరాలను ఎలా కడగాలి?

ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఆవిరితో క్రిములను చంపే యంత్రం) ఉంది కదా, క్రిములన్నీ అందులోనే చస్తాయిలే అనుకుని చాలా చోట్ల కడగడం హడావిడిగా ముగించేస్తారు. కానీ అసలు పని అక్కడే ఉంది. కత్తెర కీలులో ఎండిన రక్తం ఉండిపోతే దాని కిందున్న క్రిములకు ఆవిరి సరిగా తగలదు, అలాంటి పరికరాన్ని ఎంతసేపు వేడిచేసినా నమ్మడానికి లేదు.

ముందు మీ రక్షణ చూసుకోండి. పరీక్షకు వాడే పల్చటి గ్లవ్స్ కాదు, మందపాటి రబ్బరువి వేసుకోవాలి, వాటితో పాటు నీళ్లు దిగని ఏప్రన్, మాస్క్, కళ్లకు అద్దాలు. సూదులు, బ్లేడ్లు ముందే తీసి షార్ప్స్ డబ్బాలో (పదునైన వ్యర్థాలకు వాడే గట్టి డబ్బా) వేయాలి.

వాడిన వెంటనే పరికరాలను తుడిచి, కడిగేదాకా ఎండిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచండి. సెలైన్‌లో మాత్రం నానబెట్టొద్దు, ఉప్పు స్టీలును తినేస్తుంది. బ్లీచ్ కూడా అంతే.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు, 45 డిగ్రీలు దాటకూడదు. వేడి ఎక్కువైతే రక్తంలోని ప్రోటీన్ ఉడికిన తెల్లసొనలా గట్టిపడి లోహాన్ని పట్టుకుంటుంది, ఇక బ్రష్‌కు రాదు. రక్తం మరకలను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్‌ను సీసా మీద రాసిన కొలతలోనే కలిపి, చెప్పినంతసేపు నానబెట్టండి. కీళ్లు తెరవండి, విడదీయగలిగినవన్నీ విడదీయండి. నీళ్లలో ముంచి ఉంచే రుద్దాలి, లేకపోతే తుంపర్లు ముఖం మీద పడతాయి. గొట్టాల్లాంటి వాటి లోపల సరిపోయే సన్నటి బ్రష్ తిప్పి, సిరంజితో నీళ్లు కొట్టాలి. స్టీల్ పీచు వాడొద్దు, దాని గీతల్లో మురికి చేరుతుంది.

బాగా కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో తొలిపి, నూగు రాని గుడ్డతో ఆరబెట్టండి. మంచి వెలుతురులో భూతద్దంతో పరికరాల పళ్లు, కీళ్లు చూడండి, చిన్న మరక కనబడినా మళ్లీ మొదటికి.

తర్వాత కీళ్లు తెరిచే ఉంచి ప్యాక్ చేసి, ఆటోక్లేవ్‌లో వదులుగా సర్దాలి. వాక్యూమ్ లేని (గాలిని పంపుతో లాగేయని) మామూలు ఆటోక్లేవ్‌లో ప్యాక్ చేసినవాటికి సాధారణంగా 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పడుతుంది, ఆ లెక్క వేడి అంతకు చేరాకే మొదలవుతుంది. మీ యంత్రం మాన్యువల్ వేరుగా చెబితే దాన్నే పాటించండి. వట్టి నీళ్లలో మరిగిస్తే సరిపోదు, స్పోర్లు (కొన్ని క్రిముల గట్టి పెంకున్న మొండి రూపాలు) బతికే ఉంటాయి. ప్యాక్ మీద అంటించే ఇండికేటర్ టేపు రంగు మారిందని నిశ్చింతగా ఉండకండి, ప్యాక్‌కు వేడి తగిలిందని మాత్రమే అది చెబుతుంది, అందుకే వారానికోసారైనా స్పోర్ టెస్ట్ (స్పోర్ల నమూనాను లోపల పెట్టి అవి చచ్చాయో లేదో చూడడం) చేయాలి. ప్యాక్ తడిగా బయటికొస్తే వాడొద్దు, విప్పి కొత్త కవర్లో మళ్లీ పెట్టాల్సిందే.