చిన్నపిల్లల బొమ్మలు, రంగులు: సమస్య - పరిష్కారం

"నాకొస్తలేదు, నువ్వే ఎయ్యి" అంటే

పెద్దవాళ్లెవరో చక్కటి నెమలినో, కారునో గీసి చూపించి ఉంటారు. అది చూశాక తన గీత పిల్లకే నచ్చదు. మూడేళ్ల చేతికి గీకుడు, సున్నాలు వస్తాయి. నాలుగేళ్లకు తలకే నేరుగా కాళ్లు మొలిచిన మనిషి వస్తాడు. అది ఆ వయసు బొమ్మే, దిద్దొద్దు.

మీరు గీయకుండా ప్రశ్నలడగండి. బతుకమ్మ వేస్తానంటే, "అడుగున ఏం పూలు పెట్టినం? తంగేడా, గునుగా? వాటి మీద?" అంటే చాలు, వరుస మీద వరుస తనే వేస్తుంది. గీశాక "ఇదేంది?" అంటే పిల్ల బెదురుతుంది. "ఇందుల ఏమేం ఉన్నయో చెప్పు" అనండి. చెప్పిన మాటలు కాగితం వెనక తేదీతో రాసిపెట్టండి. ఊరికే "బాగుంది" అంటే, మెచ్చుకున్న బొమ్మనే మళ్లీమళ్లీ వేస్తారు. "ఎరుపు అంచుదాకా నింపినవ్" అని మీకు కనపడింది చెప్పండి.

చెయ్యి నొస్తుందని వదిలేస్తే

పెన్సిల్ గట్టిగా నొక్కితే గానీ పడదు. లావు మైనపు క్రేయాన్ ఇచ్చి, కాగితం నాలుగు మూలలకూ టేపు వేయండి. నాలుగేళ్లు దాటినా పిడికిలితోనే పడుతుంటే క్రేయాన్‌ను 3 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. పిడికిట్లో ఇమడవు కాబట్టి వేళ్లతో పట్టక తప్పదు. మూడేళ్లలోపు వాళ్లకు ముక్కలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. వరంగల్ ఎండలకు క్రేయాన్లు మెత్తబడి విరుగుతాయి. కాసేపు చల్లనీళ్లలో వేస్తే గట్టిపడతాయి.

రంగులన్నీ కలిసి బురదైతే

ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిస్తే మట్టిరంగే వస్తుంది. ఒకపూట పసుపు, నీలం మాత్రమే ఇవ్వండి. ఆకుపచ్చ పుట్టడం పిల్ల తనే కనిపెడుతుంది.

ఇంట్లోనే రంగు చేసుకోవాలంటే అరకప్పు మైదాను రెండు కప్పుల చన్నీళ్లలో కలిపి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టండి. వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. సన్నని సెగ మీద కలుపుతూ గంజిలా చిక్కబడగానే దించండి. చల్లారాక గిన్నెల్లో పంచి, మిఠాయి రంగు కలపండి. ఫ్రిజ్‌లో పెట్టండి, పులిసిన వాసన వస్తే పారబోయండి.

గోడల మీద గీస్తే

భుజం నుంచి చెయ్యి ఊపి గీయాలని ఉంటుంది, చిన్న కాగితం చాలదు. తిడితే గీయడమే మానేస్తారు. పిల్ల కళ్ల ఎత్తున పాత క్యాలెండర్ల వెనకవైపు అంటించండి. లేదా సిమెంటు అరుగు మీద చెంబుడు నీళ్లు, పాత పెయింటు బ్రష్షు ఇవ్వండి. తడి గీత నల్లగా కనపడి ఆరిపోతుంది, మళ్లీ గీస్తారు. వాకిట్లో మీతోపాటు ముగ్గేస్తానంటే బియ్యప్పిండి ఇవ్వండి. రాతిముగ్గు దుమ్ము కళ్లలో పడుతుంది.

ఖాళీ కాగితం చూసి కదలకపోతే

కలరింగ్ పుస్తకాలకే అలవాటు పడ్డవాళ్లు ఇట్లా ఆగుతారు. కాగితం మీద ఒక బొట్టుబిళ్ల అంటించి ఇవ్వండి, దాని చుట్టూ ఏదో ఒకటి మొదలవుతుంది. కాకుంటే మోదుగాకును ఈనెలు పైకి ఉండేట్టు పలుచటి కాగితం కింద పెట్టి, క్రేయాన్‌ను అడ్డంగా రుద్దించండి.