నీడతో సైన్స్ పాఠం: ఓ కర్ర, ఓ సుద్దముక్క చాలు

ఏడో క్లాసులోకెళ్ళి "మిట్టమధ్యాహ్నం మన నీడ ఎటు పడుద్ది?" అని అడిగి చూడండి, క్లాసు క్లాసంతా "నీడే ఉండదు సార్, కాళ్ళ కిందకొచ్చేస్తది" అంటారు. నిజానికి మన దగ్గర అలా జరిగేది ఏడాదికి రెండే రెండు రోజులు, హైదరాబాద్‌లో అయితే మే 9, ఆగస్టు 3 అటూఇటూగా. ఈ సంగతి మీరు మాత్రం ముందే చెప్పేయకండి, చెప్పేస్తే ఇంక ఎండలో నిలబడే పనేముంది.

ముందు పిల్లలతో నోట్స్‌లో మూడు రాయించండి. నీడ ఏ దిక్కుకి పడుద్ది, మీటరు కర్రకి ఎన్ని సెంటీమీటర్లుంటది, అతి చిన్న నీడ ఎన్నింటికి. పెన్నుతోనే రాయాలి, తర్వాత దిద్దకూడదు, దీనికి మార్కులేం లేవని కూడా గట్టిగా చెప్పాలి, లేకపోతే అందరూ ఫస్ట్ ర్యాంకర్ నోట్స్‌లోకే తొంగిచూస్తారు. నన్నడిగితే పాఠం మొత్తంలో ఇదే ముఖ్యమైన పని. ముందు ఏమనుకున్నామో కాగితం మీద లేకపోతే తర్వాత "నాకు ముందే తెలుసు సార్" అనని వాడుండడు.

ఇక కర్ర. పై కొస సరిగ్గా మీటరు ఎత్తులో ఉండేలా, ఇసుక బకెట్లో పాతినా సరే (కొలత నేల దగ్గర్నుంచే మరి), చదునైన సిమెంటు నేల మీద పెట్టండి. నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడాలి, ఇక్కడ బద్ధకిస్తే కొలతలన్నీ తేడా కొట్టేస్తాయ్. 11:40 నుంచి 12:50 దాకా పది నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దతో గీత పెట్టి టైం రాయాలి. 45 నిమిషాల పీరియడ్ సరిపోదు కాబట్టి ఇద్దరిద్దర్ని వంతులేసి పంపండి, మధ్యాహ్న భోజనం కూడా ఆ టైంకే వస్తది, ఆ సర్దుబాటు మీదే. నెత్తిన టోపీయో తువ్వాలో ఉండాలి, సూర్యుడి వైపు చూడొద్దని మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పండి.

నీడ కొస మసగ్గా ఉంటది. "ఎక్కడ కొలవాలి సార్" అని గొడవపడతారు, పడనివ్వండి, మసక మధ్యలో కొలవాలని వాళ్ళే ఓ ఒప్పందానికొస్తారు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెం, మసక అందుకే. ఇది అప్పుడే చెప్తే బుర్రకెక్కుద్ది.

ఇప్పుడు అసలు మజా. అతి చిన్న నీడ 12కి రాదు. హైదరాబాద్‌లో నవంబర్ మొదట్లో దాదాపు 12కే వస్తది గానీ ఫిబ్రవరి మధ్యలో 12:30 అవుద్ది. మన గడియారాలు నడిచేది కాకినాడకి దగ్గర్లోంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాల తేడా అక్కడే వచ్చేసింది, మిగతాది భూమి కక్ష్య, వంపుల వల్ల. పొడవు చూస్తే డిసెంబర్ 21కి మీటరు కర్ర నీడ 86 సెంటీమీటర్ల దాకా ఉంటది, మార్చి 21కి 31. జూన్‌లో బడి తెరిచిన వారంలో ఎండ కాస్తే అస్సలు వదలొద్దు, అప్పుడు 10 సెంటీమీటర్ల నీడ దక్షిణానికి పడుద్ది! డిసెంబర్‌లో ఉత్తరానికి పడ్డదే. నీడ మాయమయ్యే రోజుల్లో మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు, అందుకే దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

వేరే ఊళ్ళో తెలిసిన టీచరుంటే వాట్సాప్‌లో ఒకే రోజు ఫిక్స్ చేసుకోండి. హైదరాబాద్, విశాఖ జంటకి నీడ పొడవు దాదాపు ఒకటే, టైం మాత్రం విశాఖలో 19 నిమిషాలు ముందు. ఆదిలాబాద్, తిరుపతి జంటకి టైం ఇంచుమించు ఒకటే, పొడవు వేరు, డిసెంబర్‌లో 94, 76 సెంటీమీటర్లు. పదో క్లాసు వాళ్ళయితే టాన్ పట్టిక చూసి కర్రకీ సూర్యకిరణానికీ మధ్య కోణం తీస్తారు, చిన్నోళ్ళు 10 సెంటీమీటర్ల కర్ర బొమ్మ గీసి కోణమానినితో కొలుస్తారు. ఆదిలాబాద్, తిరుపతి కోణాల తేడా 6 డిగ్రీలు, అంటే 360లో అరవయ్యో వంతు. మ్యాప్‌లో నేరుగా కొలిస్తే దూరం 670 కిలోమీటర్లు (రోడ్డు దూరం కాదు), అరవైతో గుణిస్తే 40,200, భూమి చుట్టుకొలత చేతికొచ్చేసింది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసిన లెక్క ఇదే, ఆయన పేరు కూడా లెక్కయ్యాకే చెప్పండి.

మీ పిల్లలకి 36,000 వచ్చిందా, 45,000 వచ్చిందా, దాన్ని కొట్టేసి పుస్తకంలో అంకె రాయించొద్దు. కర్ర వంగిందా, నేల వాలుగా ఉందా, ఆ ఊరోళ్ళు టైం తప్పారా అని వెతకమనండి. ఓ సెంటీమీటరు పొరపాటుకి కోణం ఎంత మారుద్దో లెక్కేయమంటే వచ్చే పీరియడ్ దానికే సరిపోద్ది.