ఎండాకాలానికి ముందు ఏసీ విడిభాగాలు మార్పించేవారికి జాగ్రత్తలు

ఇటీవల మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంటి ఔట్‌డోర్ యూనిట్ నుంచి పొగలు వచ్చాయి. విప్పి చూస్తే, 50 మైక్రోఫారడ్ల (కెపాసిటర్ సామర్థ్యానికి కొలమానం) కెపాసిటర్ ఉండవలసిన చోట 36 మైక్రోఫారడ్లది బిగించి ఉంది. డబ్బా ఎత్తూ లావూ దాదాపు ఒకటే కావడంతో క్లాంపులో చక్కగా కూర్చుంది, వైర్లు అందాయి, బిగించిన రోజున గది చల్లబడింది కూడా. ఎండలు ముదిరాక కంప్రెసర్ వైండింగ్, అంటే లోపలి మోటారు తీగచుట్ట, కాలిపోయింది.

ఫిల్టర్లు కడగడం వంటివి అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోను. ఎన్నో ఇళ్లలో ఏసీలను పాడుచేసిన పొరపాటు ఒక్కటే: పట్టిన భాగమల్లా సరిపోయిందనుకోవడం. ఇన్వర్టర్ లేని ఏసీలో కంప్రెసర్ తిరగడానికి కావలసిన ఊపును కెపాసిటర్ అందిస్తుంది; దాని విలువ తగ్గితే కంప్రెసర్ గుర్రుమంటూ అధిక కరెంటు లాగి వేడెక్కుతుంది, పెరిగినా వైండింగ్‌కు చేటే. కెపాసిటర్‌పై 440 వోల్టులని రాసి ఉంటే కొత్తదానికి అంతకు తక్కువ ఉండరాదు, ఎక్కువ ఉన్నా నష్టం లేదు. మైక్రోఫారడ్లు మాత్రం అవే ఉండాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు లోపలున్న కెపాసిటర్‌నే ఎవరైనా గతంలో తప్పుగా వేసి ఉండవచ్చు, కాబట్టి దాన్ని కొలతగా తీసుకోకుండా, యూనిట్ మూత లోపలివైపు అంటించిన వైరింగ్ పటాన్నో, కంపెనీ విడిభాగాల జాబితానో చూడాలి.

ఏసీలో చల్లదనం కోసం నింపే గ్యాస్ విషయంలో ఇదే పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. ఆర్-22 గ్యాస్‌తో నడిచే ఏసీలో ఆర్-410ఎ అనే గ్యాస్ నింపితే పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, పైగా రెండింటికీ వాడే కంప్రెసర్ ఆయిల్ వేరు. ఆర్-32కు కొంత మండే గుణం ఉంది. ఆర్-290 అంటే ప్రొపేన్, తేలికగా అంటుకుంటుంది. పాత ఏసీలో ఇవి నింపడానికి ఏ కారణం చెప్పినా ఒప్పుకోకండి. ఔట్‌డోర్ యూనిట్ పలకపై గ్యాస్ పేరు, బరువు రాసి ఉంటాయి. ఆ పేరు గ్యాసే, అన్ని గ్రాములే, కాటాపై తూచి నింపించండి. పైపులు మామూలుకన్నా పొడవుగా ఉంటే అదనంగా ఎంత వేయాలో కంపెనీ పట్టికే చెబుతుంది.

ఇక మిగిలినవి.

పీసీబీ (ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు) కొనేటప్పుడు బ్రాండు, టన్నులు చెబితే చాలదు. పాత బోర్డుపై ఉన్న పార్టు నంబరు చూపండి.

వేడిని కొలిచే సెన్సర్ ప్లగ్గులో దూరిందని తృప్తిపడకండి. 5 కిలో ఓమ్‌లదాని చోట 10 కిలో ఓమ్‌లది వేస్తే బోర్డుకు గది వేడి తప్పుగా తెలుస్తుంది.

ఫ్యాన్ మోటారు వేగం, తిరిగే దిశ పాతదానితో కలవాలి.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్) పదేపదే పడిపోతుంటే పెద్దది పెట్టించకండి. అది వైరును కాపాడేందుకు ఉంది; వైరు సన్నదైతే మంట గోడలోనే మొదలవుతుంది.

లీకు పరీక్షకు నైట్రోజనే వాడించండి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే ఆ క్షణమే ఆపేయండి, ఆయిల్‌తో కలిసి పేలుతుంది.

స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉంటుంది. ముట్టుకోకండి.

పట్టింది కదా అని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. పలక చదివించండి, ఫోటో తీసుకోండి.

పని అయ్యాక క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే సాధనం) కరెంటు చూపించమనండి, పలకపై రాసినదానికన్నా ఎక్కువ లాగుతుంటే డబ్బులు ఇవ్వకండి.

పాత భాగాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.