పెళ్లిళ్ల సీజన్‌లో సీ డ్రైవ్ నిండిపోతే: ఫొటో ఎడిటింగ్ కంప్యూటర్లకు సమస్య - పరిష్కారం

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే వైజాగ్ స్టూడియోల్లో కంప్యూటర్లకు ఊపిరాడదు. సింహాచలంలో పెళ్లి, రుషికొండలో ప్రీ వెడ్డింగ్, భీమిలిలో రిసెప్షన్, అన్ని కార్డులూ ఒకే సిస్టమ్‌లో పడతాయి. సీ డ్రైవ్ గీత ఎర్రబడగానే చాలామంది పాత పెళ్లిళ్ల రా ఫైళ్ల (కెమెరా నుంచి వచ్చిన అసలు ఫొటోల) మీద పడతారు. దయచేసి ఆ పని చేయకండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను మళ్లీ తయారు చేసుకోగలిగినవే ముందు తీసేయాలి.

సమస్య: ఫొటోషాప్‌లో ‘స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్’ అని వస్తోంది

ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ డిస్క్‌లో తాత్కాలిక ఫైలు రాసుకుంటుంది, ఆ డిస్కే స్క్రాచ్ డిస్క్. ఆల్బమ్ డిజైనర్లకే ఈ దెబ్బ ఎక్కువ. 12x36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3600 x 10800 పిక్సెల్స్. 8 బిట్‌లో ఒక్క లేయరుకే దాదాపు 117 ఎంబీ. దాని మీద ఫొటోలు, బోర్డర్లు, హిస్టరీ స్టెప్పులు చేరితే జీబీల్లోకి పోతుంది.

పని సేవ్ చేసి, ఎడిట్ మెనూలో పర్జ్, ఆల్ నొక్కండి. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్‌కి వెళ్లి, ఖాళీ ఉన్న వేరే ఎస్ఎస్‌డీకి టిక్ పెట్టండి. అసలు ఫొటోషాపే తెరుచుకోకపోతే టెన్షన్ వద్దు: ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ కీలు నొక్కి పట్టుకుంటే ఆ విండో వస్తుంది.

పని మధ్యలో కరెంటు పోయినా, సిస్టమ్ హ్యాంగ్ అయినా ఆ తాత్కాలిక ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. ఫొటోషాప్ మూసేసి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ (%temp%) అని కొట్టండి. ‘ఫొటోషాప్ టెంప్’ పేరుతో మొదలయ్యే పెద్ద ఫైళ్లు కనిపిస్తే తీసేయండి.

సమస్య: కొత్త ఫొటోలు ఎక్కించకపోయినా డ్రైవ్ తరుగుతోంది

లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లు ముందుగా ప్రివ్యూలనే అనుమానించాలి. వేల ఫొటోలకు 1:1 ప్రివ్యూలు (పూర్తి సైజులో చూసుకోడానికి లైట్‌రూమ్ తయారు చేసే కాపీలు) కట్టించి వదిలేస్తే, క్యాటలాగ్ (మీ ఎడిట్లను లైట్‌రూమ్ దాచుకునే ఫైలు) పక్కనే ఉన్న ప్రివ్యూస్ ఫోల్డర్ పెరుగుతూనే ఉంటుంది. లైబ్రరీ మెనూలో ప్రివ్యూస్ కింద ‘డిస్కార్డ్ 1:1 ప్రివ్యూస్’ ఉంది. క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో వారం తర్వాత అవే పోయేలా కూడా పెట్టుకోవచ్చు. ఫొటోలకు, ఎడిట్లకు ఏమీ కాదు.

బ్యాకప్స్ ఫోల్డర్ కూడా చూడండి. పాత క్యాటలాగ్ బ్యాకప్‌లను లైట్‌రూమ్ తనంతట తాను తీసేయదు. చివరి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయండి. అసలు క్యాటలాగ్ అయిన ఎల్ఆర్‌క్యాట్ (.lrcat) ఫైలును మాత్రం ముట్టుకోవద్దు, మీ ఎడిట్లన్నీ అందులోనే ఉంటాయి.

సమస్య: హార్డ్ డిస్క్‌కి మార్చాక లైట్‌రూమ్‌లో ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం

ఫోల్డర్‌ను విండోస్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే లైట్‌రూమ్‌కి కొత్త అడ్రస్ తెలియదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్’తో చూపించండి. ఈసారి నుంచి లైట్‌రూమ్ ఫోల్డర్స్ ప్యానెల్‌లోనే లాగి మార్చండి.

సమస్య: ఇంత తీసినా ఖాళీ పెరగలేదు

రీసైకిల్ బిన్ ఖాళీ చేశారా? చేశాక కూడా అంతే ఉంటే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత తింటోందో కనిపిస్తుంది.

ఇక రా ఫైళ్లు. ఆల్బమ్ ఇంటికి చేరి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో కాపీలు పడి, రెండిట్లోనూ ఫొటోలు తెరిచి చూసుకున్నాకే వాటిని సిస్టమ్ నుంచి తీయండి. మన ఊళ్లో సముద్రపు తేమ ఎక్కువ కాబట్టి ఆ డిస్కులను సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో ఉంచండి, రెండిట్లో ఒకటి స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టండి.