పిల్లల చేతికి వీడియోలు ఇచ్చే ముందు

పిల్లలకు మీ సొంత యూట్యూబ్ ఖాతా తెరిచి ఇవ్వకుండా, 2015లో వచ్చిన యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో వారికి విడిగా ప్రొఫైల్ ఏర్పాటు చేయండి. అందులో 4 ఏళ్లు లేదా అంతకు తక్కువ, 5–8, 9–12 అని మూడు వయోవర్గాలు ఉంటాయి. అయితే వయసును బట్టి వీడియోలను ఎంచే ఈ వడపోత చాలావరకు యంత్రం చేసేదే కనుక, కార్టూన్‌లా మొదలై మధ్యలో భయపెట్టే వీడియోలు అప్పుడప్పుడు జల్లెడ దాటి వచ్చేస్తాయి. అందుకే మరీ చిన్నవారికి, మీరు చూసి ఆమోదించిన వీడియోలు, ఛానెళ్లు మాత్రమే కనిపించే అమరికే మేలని నా అభిప్రాయం. దానితో వెతికే సదుపాయం కూడా ఆగిపోతుంది.

ఒకటి ముగియగానే మరొకటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను ఆపివేయండి. టైమర్ పెడితే గడువు తీరగానే యాప్‌కు తాళం పడుతుంది, పేచీ మీతో కాక ఫోనుతో నడుస్తుంది. అనుచితమైనది కనబడితే వీడియో దగ్గరి మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. చూపించిన పిల్లవాడిని మాత్రం మందలించకండి, మళ్లీ చెప్పడు.