మాడిఫైడ్ గ్రావిటీ బ్లాక్ హోల్‌ని కాలిక్యులేటర్‌తో లెక్కకట్టడం ఎలా

ఏయూలో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌కి మాడిఫైడ్ గ్రావిటీ (ఐన్‌స్టీన్ గ్రావిటీ థియరీని మార్చి చూసే థియరీలు) తీసుకుంటాం అని జూనియర్స్ ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, థియరీ అంతా నేర్చుకున్నాక బ్లాక్ హోల్ సంగతి చూద్దాం అనుకోకండి, సెమిస్టర్ అయిపోతుంది గానీ చేతికి ఒక్క నంబర్ రాదు. ఒక్క బ్లాక్ హోల్ పట్టుకుని, టెలిస్కోప్ కొలిచిన నంబర్ దాకా లాక్కెళ్లండి.

ఏది పట్టుకోవాలో మాత్రం చూసుకోవాలి, థియరీ మారినంత మాత్రాన బ్లాక్ హోల్ మారాలని లేదు కదా. అలా మార్చిన వాటిలో ఒకటైన బ్రాన్స్-డిక్కీ థియరీలో స్థిరపడ్డ బ్లాక్ హోల్ ఐన్‌స్టీన్ చెప్పినదానిలాగే ఉంటుందని హాకింగ్ 1972లోనే చూపించారు. అందుకే మొదటిసారికి టైడల్ చార్జ్ (కింద క్యూ అని రాసేది ఇదే) ఉన్న బ్రేన్‌వరల్డ్ (మన విశ్వం ఇంకా ఎక్కువ డైమెన్షన్లున్న స్పేస్‌లో ఒక పొర అనుకునే థియరీ) బ్లాక్ హోల్ మంచిది, పూణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో పనిచేసిన నరేష్ దధీచ్, ఇంకో ముగ్గురు కలిసి 2000లో ఇచ్చిన సొల్యూషన్ ఇది. మాస్‌ని 1 అనుకుంటే దాని మెట్రిక్ ఫంక్షన్ (మధ్య నుంచి ఆర్ దూరంలో స్పేస్-టైమ్ ఎలా వంగిందో చెప్పేది) ఇంతే: 1 − 2/ఆర్ + క్యూ/ఆర్². ఈ క్యూ కరెంటు చార్జ్ కాదు, అదనపు డైమెన్షన్‌లోని గ్రావిటీ మన వైపు వేసే ముద్ర, అందుకే మైనస్ కూడా కావచ్చు.

మొదట ఫంక్షన్‌ని సున్నా చేస్తే హొరైజన్, అంటే లోపలికెళ్తే కాంతి కూడా బయటికి రాలేని హద్దు, వస్తుంది. తర్వాత కాంతి గుండ్రంగా తిరిగే చోటు, దానికి ఆర్² − 3ఆర్ + 2క్యూ = 0 సాల్వ్ చెయ్యాలి, క్యూ సున్నా పెడితే 3 రావాలి, రాకపోతే అక్కడే ఆగి తప్పు వెతకండి. ఆ ఆర్‌ని ఫంక్షన్ విలువ వర్గమూలంతో భాగిస్తే షాడో (దూరం నుంచి కనిపించే బ్లాక్ హోల్ నల్లటి నీడ) వ్యాసార్థం, ఐన్‌స్టీన్‌కి 5.196. క్యూ మైనస్ 1 పెడితే హొరైజన్ 2.41, కాంతి వలయం 3.56, షాడో 5.94, అంటే నీడ 14 శాతం పెరిగింది!

ఇప్పుడు ఆకాశంలోకి. మన గెలాక్సీ మధ్యలో ఉన్న సాజిటేరియస్ ఏ స్టార్ బరువు సుమారు 43 లక్షల సూర్యులు, దూరం సుమారు 27 వేల కాంతి సంవత్సరాలు, ఈ రెండూ వేస్తే మాస్‌ని 1 అనుకున్న మన లెక్కలో ఒక యూనిట్ దూరం మనకి 5.13 మైక్రో ఆర్క్‌సెకండ్లుగా (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు, మైక్రో అంటే అందులో పది లక్షల వంతు) కనిపిస్తుంది. ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని ముంత మసాలా తింటూ ఒక తమ్ముడు ఇదే లెక్క వేస్తే 26.7 వచ్చింది, "ఏటన్నా, ఐన్‌స్టీన్ తప్పా?" అని కంగారు పడిపోయాడు, కాగితం తీసుకుని చూస్తే 5.196ని 5.13తో గుణించి వదిలేశాడు, టెలిస్కోప్ వాళ్లు చెప్పేది వ్యాసం కాబట్టి ఇంకో 2తో గుణించాలి. గుణిస్తే 53. ఈ తప్పు దాదాపు అందరూ చేస్తారు, నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న రేడియో టెలిస్కోపుల్ని కలిపి వాడే ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ 2022లో ఇచ్చిన షాడో వ్యాసం 48.7, అటూ ఇటూ 7. నీడ చుట్టూ కనిపించే వెలుగు రింగ్‌కి 51.8 అని వేరే నంబర్ ఉంటుంది, దాన్ని దీనితో కలపకండి. క్యూ మైనస్ 1కి 61 వస్తుంది, హద్దు దాటేసింది. మైనస్ 0.2కి 55, లోపలే ఉంది.

ప్లస్ 0.5 పెట్టి చూడండి, 48.3 వస్తుంది, కొలిచిన నంబర్‌కి అంత దగ్గరగా వచ్చేసరికి మనసు ఆగదు, కొత్త గ్రావిటీ దొరికేసిందనిపిస్తుంది. కానీ ఐన్‌స్టీన్ 53 కూడా అదే హద్దులో ఉంది, పైగా ప్లస్ క్యూ అయితే మామూలు కరెంటు చార్జ్ ఉన్న బ్లాక్ హోల్‌కీ ఇదే ఫంక్షన్, నీడని బట్టి రెండిటినీ విడదీయలేం. రిపోర్ట్‌లో ఈ మాట కచ్చితంగా రాయండి, మనం బ్లాక్ హోల్ తిరగడం లేదనుకుని లెక్క వేశామని కూడా రాయండి, వైవాలో ముందు అడిగేది అదే.