అపార్టుమెంటు మిద్దె మీద ఉమ్మడి తోట

ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటులో మిద్దెతోట ఎండిపోయేది పురుగు వల్ల కన్నా, "ఇవాళ నీళ్లెవరి వంతు?" అన్నది తేలకపోవడం వల్లే ఎక్కువ. మట్టి కొనేముందే బరువు సంగతి, వంతుల సంగతి తేల్చుకోండి.

ముందు బరువు. జనం తిరిగే మిద్దెకు మన నిర్మాణ ప్రమాణాల్లో వేసుకునే లెక్క చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు మందాన పరిచిన మట్టి తడిస్తే 500 కిలోలు దాటుతుంది. అందుకని మడులు కట్టి మట్టి పోయొద్దు. మొక్కలు పెంచే సంచి, అంటే 12 అంగుళాల గ్రో బ్యాగు, తడిసి పాతిక కిలోలు తూగుతుంది; చదరపు మీటరుకు నాలుగు చాలు. పందిరి పాదుల కోసం 200 లీటర్ల డ్రమ్ము సగానికి కోసి పెట్టాలంటే పిల్లర్ల మీదే పెట్టండి, అదీ ఇంజినీరుకు చూపించాక. ప్రతి బ్యాగు కిందా ఇటుకలు పేర్చి రెండంగుళాల ఖాళీ వదలాలి. పై అంతస్తు వాళ్ల సీలింగు చెమ్మ పట్టిందా, తోట మూతపడినట్టే.

ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, బ్యాగుకో గుప్పెడు వేపపిండి వేయండి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి.

మొదట ఆకుకూరలే. తోటకూర, మెంతికూర నెల తిరక్కుండా కోతకొస్తాయి. మొదటి నెలలో వంటింటికి ఏదీ చేరకపోతే సగం మంది మళ్లీ మెట్లెక్కరు. కరివేపాకు, పుదీనా మెట్ల గది తలుపు పక్కనే ఉంచండి, ఎవరైనా ఎప్పుడైనా తుంచుకోవచ్చు. కాయకూరలకు మాత్రం ఆదివారం పొద్దున ఒక్కటే కోత. ఆరు వంకాయల్ని ఇరవై ఇళ్లకు పంచలేం కదా! వారానికి ఐదిళ్లకు వంతు పెడితే నెలకోసారి కూరకు సరిపడా అందుతాయి.

నీళ్లకు రోజుకు రెండేసి ఇళ్లు. ఒకరు ఊరెళ్లినా తోట ఎండదు, ఇద్దరూ ఉంటే మాటలూ కలుస్తాయి. వేలు రెండంగుళాలు గుచ్చితే తడి తగిలిన బ్యాగుకు పోయక్కర్లేదు. వేళ్లు కుళ్లేది ఎక్కువగా పోటీపడి పోసిన నీళ్లతోనే.

కాడలకు తెల్లటి దూదిలా పట్టే పిండినల్లి పురుగు కనబడితే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కితే మందు వెతకొద్దు. అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, మొక్క పీకేయడమే.

సొరపిందెలు పసుపెక్కి రాలుతుంటే అందరూ ఎరువే అనుకుంటారు. చాలాసార్లు లోపం పరాగ సంపర్కానిది, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోవడం. సొరపువ్వు విచ్చేది సాయంత్రం. ఆ ఎత్తుకు, ఆ వేళకు పురుగులు తక్కువ. చీకటి పడేలోగా మగపువ్వు తుంచి, రేకులు తీసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. పిల్లలకు అప్పజెప్పదగ్గ పని ఇది. నిలిచిన పిందె రెండు మూడు రోజుల్లో లావెక్కుతుంది. రెండు వారాలు తిరిగేసరికి కోతకొస్తుంది, గోరు సులువుగా దిగుతుండగానే కోసేయండి.